నల్లమల గడపలో బస

యాత్రకు బయలుదేరువాడు ముందుగా విచారింపవలసినది దారిని గూర్చి కాదు, బసను గూర్చి. దారి తప్పినవానికి ఎవరైనను త్రోవ చూపుదురు. బస తప్పినవానికి రాత్రి మిగులును. పూర్వులు ఈ సంగతిని బాగుగా ఎరుగుదురు. కనుకనే విశ్రాంతిస్థలమునకు మన భాషలో ఇన్ని మాటలు ఏర్పడినవి: మజిలీ, సత్రము, చావడి, విడిది, బస. మధిర సుబ్బన్న దీక్షితులు వ్రాసిన కాశీమజిలీ కథలలో కథ నడచునప్పుడు పుట్టదు, ఆగినప్పుడు పుట్టును. పగలు చూచిన వింత రాత్రి మజిలీలో ప్రశ్నగా మారును. ఆ ప్రశ్నకు సమాధానమే కథ. యాత్రలో చదువనునది ఏదైన ఉన్నచో అది బసయందే ఒంటబట్టుననుటకు ఇంతకంటె దృష్టాంతము వేరొకటి అక్కరలేదు.

ఈ ప్రశ్న పండితుల గ్రంథములలోనే కాదు, పల్లెలలోను వినవచ్చును. హనుమంతునిపాడు కనిగిరి ప్రాంతపు మెట్టసీమలోని ఊరు. పడమట వెలిగొండలు, వాని ఆవల కంభము, గిద్దలూరు, ఆపైన నల్లమల. ఇట్టి ఊరి పాఠశాలనుండి ఒక ఉపాధ్యాయుడు నలువదిమంది బాలబాలికలను నల్లమల చూపించుటకు తీసికొనిపోదలచెననుకొందము. బస్సు కిరాయి ఎంత, పులి కనబడునా అని పిల్లలు అడుగుదురు. తల్లి మాత్రము ఒకే మాట అడుగును: “రేత్రికి పిల్లోళ్ళు యాడ పండుకుంటారు సారూ?”

ఆ తల్లి ప్రశ్న చిన్నదికాదు. దానికి చెప్పు సమాధానమునుబట్టి ఆ పిల్లలు అడవిని చూతురా, అంగడి వీథిని చూతురా అనునది తేలును. వారు క్షేమముగా ఇల్లు చేరుటయు, అడవి క్షేమముగా మిగులుటయు ఆ సమాధానముమీదనే ఆధారపడియున్నవి.

అడవికి గల హద్దులు

బస నిర్ణయింపకముందు అడవి స్వరూపము కొంత తెలియవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జాతీయోద్యానమని, అభయారణ్యమని రెండు విధములైన రక్షితస్థలములను పేర్కొన్నది. జాతీయోద్యానమున నిషేధములు ఎక్కువ. అభయారణ్యమున కొన్ని హక్కులకు, అనుమతులకు చోటు కలదు. ఆంధ్రప్రదేశములో శేషాచలపు కొండలలోని శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానము 1989లోను, గోదావరి కనుమలలోని పాపికొండల జాతీయోద్యానము 2008లోను ఏర్పడినవి. నల్లమల మాత్రము ఆ పేరు దాల్చలేదు. 1978లో అభయారణ్యమై, 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల సంరక్షణ కేంద్రముగా కేంద్రప్రభుత్వపు పులుల పథకములో చేరినది. దానికి దక్షిణముగా 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యము వెలసినది. 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట కృష్ణకు ఉత్తరపు అడవి తెలంగాణమున అమ్రాబాదు పులుల సంరక్షణ కేంద్రమైనది. పేరు జాతీయోద్యానము కాకున్నను, నియమముల కాఠిన్యమునందు నల్లమల గర్భభాగము దేనికిని తీసిపోదు.

పులి, చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్క, నాలుగు కొమ్ముల జింక, కణితి, దుప్పి ఈ అడవిలో నివసించుచున్నవి. చెంచులు తరతరములుగా ఇక్కడనే తేనె, దుంపలు, వనమూలికలు సేకరించుచు జీవించుచున్నారు. ఈ ఇంటికి యజమానులు వీరు. యాత్రికుడు అతిథి. అతిథి ఇంటిలోనికి ఎంతవరకు రావచ్చును, ఎక్కడ ఆగవలెను అనునదే బస సమస్యలోని అసలు ధర్మసూక్ష్మము.

పూర్వులు ఆగిన తావులు

శ్రీశైలమునకు పోవు యాత్రికులు ఒకప్పుడు అడవిలో ఇచ్చవచ్చినచోట విడిసినవారు కారు. ఆ క్షేత్రమునకు నాలుగు ద్వారములు ప్రసిద్ధములు: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఇందు త్రిపురాంతకము పూర్వపు ప్రకాశపు పడమటి సీమలోనిదే. ద్వారమనగా ఏమి? కొండ ఎక్కకముందు ఆగి, తోడు కూర్చుకొని, సామాను తగ్గించుకొని, మనస్సు కుదుర్చుకొను తావు. త్రిపురాంతకము అడవి అంచునందుండుట గమనింపదగినది. పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైల, అహోబిలములకు మెట్లు కట్టించెను. రాజు కట్టించినది దారి. నిలువ నీడనిచ్చినది మాత్రము ద్వారక్షేత్రమే.

ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరము మే 18వ తేదీని చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. ఆయనయు అహోబిలము చూచుకొని, ఆత్మకూరు చేరి, అచ్చటినుండి నాగులూటి, పెద్దచెరువుల మీదుగా శ్రీశైలమెక్కెను. పరివారముతో సాగిన ఆ పెద్దమనిషికి ఊరూర బస దొరకునా, నీరు దొరకునా, సరకులు దొరకునా అని వ్రాసికొనుట నిత్యకృత్యము. నేటి ఉపాధ్యాయుడు ఆ గ్రంథమును యాత్రకు ముందు ఒకసారి తిరుగవేసిన చాలును. ఏయే సంగతులు విచారించుకొనవలెనో తనకే తెలియును.

నాలుగు బసలు

ఈనాడు తూర్పుదిక్కునుండి నల్లమలకు పోవువారికి ముఖ్యముగా నాలుగు విధములైన బసలు కలవు.

మొదటిది శ్రీశైలమే. దేవస్థానపు వసతి గృహములు, పర్యాటకశాఖవారి భవనము, పెక్కు సత్రములు అచ్చట నున్నవి. భోజనమునకు లోటుండదు, మందులకు ఇబ్బంది పడనక్కరలేదు. చెంచులక్ష్మి గిరిజన ప్రదర్శనశాల, పాతాళగంగ, కృష్ణమీది ఆనకట్ట పిల్లలు తప్పక చూడవలసినవి. కాని శ్రీశైలమున బసచేసినవాడు అడవిలో ఉన్నానని అనుకొనినను నిజమునకు అడవి నడుమనున్న పట్టణములో ఉన్నాడు. దీపములు, ధ్వనివర్ధకములు, వాహనముల రొద అచ్చట రాత్రియు ఆగవు. శివరాత్రికిని, ఉగాదికిని, కార్తికమాసమునందును గది దొరకుటయే కష్టము. దర్శనమునకు పోవువానికి అది ఉత్తమమైన బస. అడవిని చదువుకొనబోవు విద్యార్థికి మాత్రము అది మధ్యమము.

రెండవది అడవి అంచునగల పట్టణములు: మార్కాపురము, దోర్నాల, కంభము, గిద్దలూరు. ఇవి వినుటకు సామాన్యములు. వీనిలో కొండగాలి లేదు, కిటికీలోనుండి జలపాతము కనబడదు. అయినను ఆసుపత్రి, అంగడి, బస్సు, కొన్నింట రైలు అందుబాటులో నుండును. తెల్లవారుజామున బయలుదేరినచో పొద్దెక్కకముందే అడవి చేరవచ్చును.

మూడవది అటవీశాఖవారి విడిదులు. ఆత్మకూరు-దోర్నాల దారిలో బైర్లూటి, గిద్దలూరు-నంద్యాల దారిలో పచ్చర్ల ఇట్టివి. గుడారములు, కుటీరములు, అడవిలో త్రిప్పి చూపు వాహనములు, చెట్టును పిట్టను గుర్తుపట్టి చెప్పగల చెంచు యువకులు అచ్చట నుందురు. మెలకువ వచ్చునప్పటికి పక్షుల కూతలు వినవచ్చును. అడవి చదువునకు ఇంతకంటె మంచి బడి లేదు. కాని గుడారములు కొద్ది, వెల అధికము, ముందుగా మాట్లాడుకొననిది చోటు దొరకదు. నలువదిమంది మెట్టసీమ రైతుబిడ్డలు ఒక్క రాత్రి అచ్చట గడపుటకు అగు వ్యయము వారి తండ్రులకు భారము.

నాలుగవది కొందరు ఉత్సాహవంతులు కోరుకొనునది: అడవి నట్టనడుమనున్న చెంచుగూడెములలో రాత్రి గడపుట. పాలుట్ల, నెక్కంటివంటి గూడెముల పేర్లు విన్నంతనే సాహసప్రియులకు కాలు నిలువదు. అనుమతి లేక ఆ ప్రాంతములకు పోవుట నేరము. నేరము కాకున్నను తగదు. నీటిని, గింజలను లెక్కచూచుకొని బ్రదుకు కుటుంబముల వాకిటిలో నలువదిమంది దిగుట ఆతిథ్యము కోరుట కాదు, బరువు మోపుట. చెంచువాని గుడిసె యాత్రికునకు వింతవస్తువు కారాదు.

కాలమును బట్టి బస

తావు ఎంచుకొనుటతో పని తీరదు. వేళను కూడ ఎంచుకొనవలెను. దోర్నాల-శ్రీశైలము ఘాటుదారి రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు మూసియుండును. చీకటిలో దారి దాటు జంతువులు వాహనములక్రింద పడి చావకుండుటకు ఏర్పరచిన కట్టుబాటిది. దోర్నాలనుండి శ్రీశైలము సుమారు 50 కిలోమీటర్లు. అంతయు మలుపుల దారి. సాయంకాలము ఆలస్యముగా మార్కాపురము దాటినవారు తనిఖీ ద్వారమువద్ద ఆగి, బస్సులోనే పిల్లలను నిద్రపుచ్చవలసివచ్చును. కనుక కొండపై బస కోరువారు పొద్దుండగనే దోర్నాల దాటవలెను. దాటలేనిచో దోర్నాలలోనో మార్కాపురములోనో ఆగుట మేలు.

ఋతువు సంగతియు అట్టిదే. జులై 1వ తేదీనుండి సెప్టెంబరు నెలాఖరువరకు పులుల అడవిలోని విహారయాత్రలు నిలిపివేయబడును. ఆ నెలలు వానలకును, జంతువుల సంతానవృద్ధికిని విడిచిన కాలము. దసరా సెలవులనాటికి అడవి పచ్చగా నుండును, వాగులలో నీరుండును. సంక్రాంతినాటికి చలి పెరుగును, దుప్పట్లు ఎక్కువ కావలెను. వేసవిలో ఆకు రాలి, నీటిగుంటలవద్ద జంతువులు కనబడు అవకాశము హెచ్చును; కాని కార్చిచ్చు భయమును అప్పుడే. ఉపాధ్యాయునికి దసరా, సంక్రాంతి సెలవులే అనుకూలములు.

ఇతర దేశముల పాఠము

అడవి కడుపులో బస కట్టుటవలన ఏమగునో తెలిసికొనుటకు ఇతర దేశముల చరిత్ర ఉపకరించును. ప్రపంచమున మొదటి జాతీయోద్యానముగా పేరొందిన అమెరికాలోని ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడినది. దాని నడుమ పెద్ద హోటళ్ళు వెలసినవి. వేడినీటి బుగ్గయొద్ద దుంగలతో కట్టిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ విడిది 1904లో తెరచిరి. హోటళ్ళు వెలసినచోట ఎంగిలియు పెరుగును. ఆ చెత్తకుప్పలకు ఎలుగుబంట్లు మరగినవి. వానిని చూచుటకు కుప్పలయొద్ద బల్లలు వేసి జనమును కూర్చుండబెట్టిన కాలమును కలదు. అడవిలో వెదకుకొని తినుట మాని మనుష్యుని ఎంగిలికి అలవాటుపడిన జంతువు మనుష్యునికి ప్రమాదకరమగును. తుదకు దానికే ప్రాణాపాయము. ఆ చెత్తకుప్పలను పూర్తిగా మూసివేయుటకు 1970వ సంవత్సరమువరకు పట్టినది.

కెనడాలోని బాన్ఫ్ సంరక్షణచరిత్ర 1885లో మొదలైనది. అచ్చటి కొండల నడుమ 1888లో రైల్వేవారు గొప్ప హోటలు తెరచిరి, పట్టణమే ఏర్పడినది. ఇప్పుడు ఆ ఊరిలో కాపురముండవలెనన్నచో అచ్చట ఉద్యోగమో వ్యాపారమో ఉన్నట్లు నిరూపింపవలెను. సొగసైన తావు గనుక ఇల్లు కట్టుకొందుమనినచో వీలుకాదు. ఊరు పెరిగినకొలది అడవి తరుగునని తెలిసికొని పెట్టుకొన్న నియమమిది.

భారతదేశపు మొదటి జాతీయోద్యానము హిమాలయ పాదములలో 1936లో హేలీ పేర ఏర్పడి, పిమ్మట జిమ్ కార్బెట్ పేర ప్రసిద్ధమైనది. దాని నడుమనున్న ధికాలా విశ్రాంతిగృహమున రాత్రి గడపుట యాత్రికుల కల. కాని 2012లో సర్వోన్నత న్యాయస్థానము పులుల అడవుల గర్భభాగమున యాత్రలను కొన్ని నెలలు ఆపి, ఆ ఏడే కొత్త నియమావళి రాగా తిరిగి అనుమతించెను. గర్భభాగములో ఇరువదింట నాలుగు పాళ్ళకు మించి యాత్రికులకు విడువరాదని, లోపలి శాశ్వతపు వసతులను క్రమముగా తొలగింపవలెనని ఆ నియమావళి చెప్పుచున్నది. అనగా ప్రపంచమంతయు చుట్టివచ్చి, మన పూర్వులు త్రిపురాంతకమున ఆగిన నీతికే లోకము చేరుకొనుచున్నది: బస లోపల కాదు, గడపలో.

సత్రమున అడుగు ప్రశ్న

వెల తక్కువ గనుక సత్రమే మేలని ఉపాధ్యాయుడు తలపవచ్చును. శ్రీశైలమున సత్రములకు కొదవలేదు. అన్నము పెట్టి ఆదరించిన దాతల పుణ్యమును కాదనరాదు. కాని వానిలో పెక్కు ఒక్కొక్క కులసంఘము పేర వెలసినవి. ఇప్పుడు కొన్ని ఇతరులకును గదులిచ్చుచున్నను, తమ వారికి మొదటి చోటు, మిగిలినచో ఇతరులకు అను పద్ధతి పూర్తిగా పోలేదు. పెద్దలకు ఇది అలవాటైన సంగతి. నలువదిమంది పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన ఉపాధ్యాయునికి మాత్రము ఇది పరీక్ష.

ఒకే బల్లపై కూర్చుండి ఒకే పాఠము చదివిన పిల్లలు సత్రపు గుమ్మమువద్ద “మీరెవరు?” అను ప్రశ్నకు నాలుగు విధములైన సమాధానములు చెప్పవలసివచ్చినచో, ఆ రాత్రి వారు నేర్చుకొను పాఠము ఏ పుస్తకములోను లేనిది, నేర్వగూడనిది. కొందరికి ఒక సత్రము, కొందరికి మరియొకటి, మిగిలినవారికి బస్సు అని పంచుట సులభోపాయమే. కాని పదిరూపాయలు మిగిల్చి పదేండ్ల చదువును పోగొట్టుకొనినట్లగును. కనుక బసకు మొదటి నియమము ఇది: పిల్లలందరు ఒకే కప్పుక్రింద, ఒకే పంక్తిలో, ఎవరిని ఏ ప్రశ్నయు అడుగని చోట నిద్రింపవలెను. అట్టి చోటు కొండపై దొరకినచో కొండపై, దొరకనిచో కొండక్రింద.

ఉపాధ్యాయులకు ఈ విషయమున ఒక సులువున్నది. తమ వృత్తియే వారికి సత్రము. సెలవులలో ఖాళీగానుండు పాఠశాలలు మార్కాపురమునందు, కంభమునందు, గిద్దలూరునందు కలవు. ముందుగా ప్రధానోపాధ్యాయునికి వ్రాసి, అధికారుల అనుమతి పొంది, రెండు గదులు బాలురకు, రెండు గదులు బాలికలకు అడిగినచో కాదను ఉపాధ్యాయుడు అరుదు. అచ్చటి పిల్లలు కొందరు సాయంకాలము వచ్చి కలిసినచో యాత్ర రెట్టింపు ఫలించును. మరుసటి ఏడు వారు హనుమంతునిపాడునకు వచ్చినచో వారికిని ఇట్లే చోటీయవచ్చును. ఇది ఖర్చులేని ఒప్పందము. నీరు, మరుగుదొడ్లు, దీపములు, బాలికలకు తోడుగా ఉపాధ్యాయిని, దగ్గరలో ఆసుపత్రి - ఈ ఐదును సరిగా నున్నవో లేవో ముందుగా ఒకరు పోయి చూచిరావలెను. ఉత్తరములో చూచిన గది వేరు, కంటితో చూచిన గది వేరు.

ఒక యాత్రాక్రమము

ఈ నియమములనుబట్టి ఒక యాత్ర ఎట్లు సాగవచ్చునో ఊహింపవచ్చును. మొదటినాడు పిల్లలు కంభము చేరుదురు. గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము ప్రాంతమున పుట్టి, రెండు కొండల నడుమ కట్టిన కట్టచే కంభముచెరువై నిలుచుచున్నది. విజయనగర రాచకుటుంబమునకు చెందిన వరదరాజమ్మ దీనిని కట్టించినదని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడముగా గుర్తించినది. అడవినుండి నీరెట్లు వచ్చునో ఆ కట్టపై నిలిచి చెప్పిన పాఠము మరపునకు రాదు.

ఆ రాత్రికి గిద్దలూరు పాఠశాలలో బస. గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలు గిద్దలూరు దాటి దిగువమెట్ట, చలమ, గాజులపల్లెల మీదుగా నల్లమలను చీల్చుకొని సాగును. రెండవనాడు తెల్లవారుజామున పచ్చర్ల చేరి, అటవీశాఖవారి వాహనములలో అడవి చూచి, చెంచు మార్గదర్శి చెప్పినది పిల్లలు వ్రాసికొందురు. రాత్రి బసకు కాగల వ్యయము తప్పినది; మార్గదర్శికి, వాహనమునకు ఈయవలసినది మాత్రము ముట్టినది. అడవిని కాపాడు పనిలో చెంచులు పలువురు కావలివారుగా, పులి జాడ పట్టువారుగా కుదిరియున్నారు. వారి నోట విన్న ఒక జంతువు కథ పాఠ్యపుస్తకపు పుటకు తీసిపోదు.

తిరుగుదారిలో మార్కాపురమున ఆగుట తగును. పలకల పరిశ్రమకు పేరుపొందిన పట్టణమది. తాము అక్షరములు దిద్దిన పలక ఏ గనిలోనుండి వచ్చెనో చూచుట పిల్లలకు వేడుక. చెన్నకేశవాలయము చూచి ఇల్లు చేరవచ్చును. శ్రీశైలము చూడవలెనని పట్టుబట్టినచో మరియొక పగలు కలుపుకొని, ఉదయము పోయి, చీకటిపడకముందే కొండ దిగిరావచ్చును. రెండు రాత్రులును అడవి అంచుననే. పగళ్ళు మాత్రమే అడవిలో. పగలు మనుష్యునిది, రాత్రి జంతువుది అను పాత ఒడంబడిక ఇందువలన చెడదు.

పులి కనబడకపోవచ్చును. నల్లమల దట్టమైన అడవి. పులి కనబడుట అరుదు. అడుగుజాడ కనబడిన చాలును. “పులిని చూచితిమి” అని చెప్పుకొనుటకంటె “పులి ఉన్న అడవిలో నడచితిమి” అని చెప్పుకొనుట తక్కువ గౌరవము కాదు.

బసలో మెలగుట

ఎంత మంచి బస దొరకినను మెలగు పద్ధతి చెడినచో ఫలము లేదు. మిగిలిన అన్నము కోతులకు, పందులకు వేయుట దయ కాదు. ఎల్లోస్టోన్ ఎలుగుబంటి కథ మరువరాదు. ప్లాస్టిక్ సంచి అడవిలో పడినచో ఉప్పురుచికి జింక దానిని మ్రింగును. అది దాని కడుపులో గడ్డకట్టును. తెచ్చిన చెత్తను తిరిగి ఊరికే తీసికొనిపోవలెను. నీళ్ళసీసాకు బదులు మరచెంబు మేలు. పాటల పెట్టె ఇంటివద్దనే ఉండవలెను. తెల్లనివి, కన్ను చెదరగొట్టునవి కాక మట్టిరంగు బట్టలు ధరింపవలెను. ఎవడును గుంపు విడిచి పోరాదు. ఇవి చిన్న సంగతులు; కాని మంచి అతిథికిని చెడ్డ అతిథికిని భేదము చిన్న సంగతులలోనే తెలియును.

హనుమంతునిపాడు పిల్లలకు ఈ పాఠము ఇతరులకంటె త్వరగా బోధపడును. కనిగిరి ప్రాంతమున నీటిలో ఫ్లోరైడు ఎక్కువై, పండ్లు గారపట్టి, ఎముకలు వంగినవారిని వారు ఎరుగుదురు. మంచినీటి విలువ వారికి ఎవరును చెప్పనక్కరలేదు. ఈ పడమటి మండలముల దప్పిక తీర్చుటకే పూల సుబ్బయ్య పేర వెలిగొండ ప్రాజెక్టు తలపెట్టబడినది. శ్రీశైలము జలాశయమునుండి కృష్ణనీటిని నల్లమల క్రిందుగా తెచ్చుటకు ఉద్దేశించిన రెండు సొరంగములలో ఒకదాని త్రవ్వకము 2021లోను, రెండవదానిది 2024లోను ముగిసినది. పైన పులి నడచు నేల. క్రింద తమ ఊరికి రావలసిన నీటి దారి. ఈ రెండింటికిని గల చుట్టరికమును కొండ అంచున నిలిచి చూచిన బాలుడు పెద్దవాడైన పిమ్మట అడవిని వేరుచేసి, నీటిని వేరుచేసి ఆలోచింపడు.

కావున ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఉపాధ్యాయుడు తడుముకొనకుండ సమాధానము చెప్పవచ్చును. “అమ్మా, పిల్లలందరు ఒక్కచోటనే, బడిలోనే పండుకొందురు. ఆసుపత్రి దగ్గరనే ఉన్నది. మంచినీళ్ళున్నవి. పొద్దుపోకముందే బస చేరుదుము.” ఈ నాలుగు మాటలు చెప్పగలిగిననాడు యాత్ర సగము జరిగినట్లే. తక్కిన సగము అడవి చెప్పును. గడపలో కూర్చుండి వినుటకు సిద్ధపడినవానికి అడవి చెప్పవలసినది చాల ఉన్నది.